సాఫ్ట్‌వేర్ కొలువు వదిలి ప్రభుత్వ బడిలో పాఠం చెప్పాలనుకునేవారికి

జీతం బాగానే ఉన్నా తృప్తి లేదని, పిల్లలకు చదువు చెబుతూ బతకాలని అనుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు రాజీనామాకు ముందు ఆ పనిని కొన్ని నెలలపాటు చేసి చూడాలి. సెలవు రోజుల్లో మీ వీధిలోని ఆరో తరగతి పిల్లలను నలుగురిని కూర్చోబెట్టుకొని భిన్నాలు చెప్పండి. 1/2కు 1/3 కలపమంటే ఎవరో ఒకరు పై అంకెలను, కింది అంకెలను విడివిడిగా కూడి 2/5 అని రాస్తారు. ఆ జవాబు సగం కన్నా తక్కువని కాగితం మడిచి చూపిస్తే ఒప్పుకుంటారు, మరుసటి వారం మళ్లీ అదే రాస్తారు. ఆ పిల్ల అలా ఎందుకు అనుకుంటోందో తెలుసుకోవాలనే ఆసక్తి అప్పటికీ తగ్గకపోతే, ఈ వృత్తి మీకు నప్పుతుందని నా నమ్మకం. విసుగే మిగిలితే, ముందు కంపెనీ మారి చూడడం మేలు.

ఉన్నత పాఠశాలలో స్కూల్ అసిస్టెంట్ (సబ్జెక్టు టీచరు) కావడానికి బి.ఎడ్. కావాలి. ఎడ్‌సెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి చేరే ఈ రెండేళ్ల కోర్సులో 20 వారాలు ఇంటర్న్‌షిప్‌గా బడుల్లోనే గడుస్తాయి. తరగతులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు నిబంధన ఉంది కాబట్టి, కాలేజీకి రానక్కరలేదని ఎవరైనా సీటు ఇవ్వజూపితే దయచేసి తీసుకోకండి, మీరు నేర్చుకోవలసిన పని ఆ తరగతుల్లో, బడుల్లోనే ఉంది. 2023లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ప్రాథమిక తరగతుల పోస్టులకు బి.ఎడ్. చెల్లదు. బి.టెక్. చదివినవారు తమ డిగ్రీ ఏ సబ్జెక్టు పోస్టుకు సరిపోతుందో పాత డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) నోటిఫికేషన్లలో ముందే చూసుకోవాలి.

ఆ తరువాత టెట్ అనే ఉపాధ్యాయ అర్హత పరీక్ష, డీఎస్సీ. ఎంపికలో డీఎస్సీకి 80 శాతం, టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంటుంది కనుక టెట్‌లో గట్టెక్కితే చాలనుకోకూడదు. అసలు కష్టం నిరీక్షణలో ఉంది: ఆంధ్రప్రదేశ్‌లో 2018 తరువాత 2025లో 16,347 పోస్టులకు, తెలంగాణలో 2017 తరువాత 2024లో 11,062 పోస్టులకు నియామకాలు జరిగాయి. ఆ నోటిఫికేషన్లలో జనరల్ అభ్యర్థుల వయోపరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 44, తెలంగాణలో 46 ఏళ్లు. అందువల్ల చదువుకు రెండేళ్లు, నిరీక్షణకు కనీసం మరో రెండేళ్లు ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు కూడబెట్టి, ఇంటి అప్పు ఉంటే ఆ వాయిదాలను కూడా లెక్కలో వేసుకొని, ఎడ్‌సెట్ సీటు చేతికి వచ్చాకనే రాజీనామా ఇవ్వండి. ఐదేళ్ల సర్వీసు నిండకముందు పీఎఫ్ తీసుకుంటే సాధారణంగా పన్ను పడుతుంది కాబట్టి దానిని కదపకండి.