వీలునామా స్వయంగా రాసుకుందాం – 4వ పాఠం: సాక్షులు, మరొకసారి

ఈ పాఠంలో నామినీల సంగతి చెప్పాలని అనుకున్నాను. అయితే గత పాఠాన్ని "చివర ఇద్దరు సాక్షుల చేత సంతకాలు చేయించండి" అనే ఒక్క వాక్యంతో ముగించడం నా పొరపాటని, మీరు అభ్యాసంగా రాసి పంపిన ప్రతులు చూశాక తెలిసింది. తిరుపతి నుంచి వచ్చిన ఒక ప్రతిలో సాక్షులిద్దరూ ఆస్తి పొందబోయే కొడుకులే. శ్రీకాళహస్తి ప్రతిలో రాసినవారికి 62 ఏళ్లు, సాక్షులిద్దరూ ఎనభై దాటినవారు. పుత్తూరు పాఠకులొకరు రెండో సాక్షి రాలేకపోయినందున కాగితాన్ని ఆయన ఇంటికే పంపి సంతకం తెప్పించుకున్నామని, అదొక సౌకర్యమన్నట్టు రాశారు. నామినీలను వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను.

తెల్ల కాగితం చాలుననీ, స్టాంపు అక్కరలేదనీ, రిజిస్ట్రేషను మన ఇష్టమనీ మీకు తెలిసినవే. ముస్లిం పాఠకులకు వర్తించే నియమాలు వేరు కాబట్టి ఈ పాఠం వారి కోసం కాదు.

1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షను ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి. వీలునామాదారు సంతకం గాని వేలిముద్ర గాని వేస్తుండగా ప్రతి సాక్షీ చూసి ఉండాలి, లేదా "ఇది నా సంతకమే" అని ఆయన నోటనే విని ఉండాలి. ఆ పైన ఆయన ఎదుటనే తానూ సంతకం చేయాలి. సాక్షులిద్దరూ ఒకే సమయంలో అక్కడ ఉండాలన్న నిబంధన లేదు. పుత్తూరు వారి ప్రతి చెల్లనిది అందుకు కాదు, రెండో సాక్షి వీలునామాదారు ఎదుట సంతకం చేయనందుకు. సాక్షి లోపలి విషయాలు చదవనక్కరలేదు. ఎవరికెంత రాశారో చెప్పకుండానే సంతకం తీసుకోవచ్చు.

ఇక కొడుకుల సాక్ష్యం. క్రైస్తవుల వీలునామాలో సాక్షికి గాని, సాక్షి భార్యకో భర్తకో గాని రాసిన ఆస్తి అదే వారసత్వ చట్టం 67వ సెక్షను కింద వారికి దక్కదు. ఆ సెక్షను హిందువుల వీలునామాలకు వర్తించదు. వర్తించదు కదా అని కొడుకును సాక్షిగా పెడితే, రేపు కూతురు తరఫు వకీలు అడిగే మొదటి ప్రశ్న దాని గురించే. అందువలన లబ్ధి పొందే ఎవరినీ ఆ వరుసలో నిలపకండి.

నాకు బాగా చిరాకు తెప్పించేది మరొకటి ఉంది. వీలునామాను రిజిస్టరు చేయించాము కనుక ఇక సాక్షులతో పనిలేదనుకొని, సబ్ రిజిస్ట్రారు కార్యాలయం దగ్గర టీ తాగుతున్న ఎవరో ఇద్దరి చేత సంతకాలు చేయించేస్తారు. ఇతర దస్తావేజులు రిజిస్టరైతే, రాసిచ్చినవారు కాదననంత వరకు సాక్షిని పిలిపించకపోయినా చెల్లుతుంది. వీలునామాకు మాత్రం ఆ మినహాయింపు లేదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 67వ సెక్షను ప్రకారం, సాక్షి బతికి ఉంటే కనీసం ఒక్కరినైనా పిలిపించి వీలునామాను రుజువు చేయాలి. 1872 నాటి పాత చట్టంలోనూ ఇదే నియమం. ఇద్దరూ పోతే, వారిలో ఒకరి దస్తూరినీ, రాసినవారి దస్తూరినీ గుర్తుపట్టి చెప్పేవారి కోసం వెతకాలి. కార్యాలయంలో "ఈయన ఫలానా" అని గుర్తించి చెప్పడానికి సంతకం పెట్టేవారు కూడా అంతమాత్రాన వీలునామాకు సాక్షులైపోరు. చిత్తూరులో దస్తావేజులు రాసే రోజుల్లో మా మేనమామ వీలునామాకు అలాంటి సాక్షినే నేను దగ్గరుండి కుదిర్చాను. పదకొండేళ్ల తర్వాత ఆ సాక్షి కోసం మూడు ఊళ్లు తిరిగినా ఆచూకీ దొరకలేదు. మామిడితోట దావా నడుస్తున్నంత కాలం మా అత్త నాతో మాట్లాడలేదు.

అందుకే సాక్షి మీకంటే కనీసం పదేళ్లు చిన్నవారై ఉండాలని నేను పట్టుబడతాను; ఇది చట్టం కాదు, నా లెక్క. బదిలీలయ్యే ఉద్యోగి కంటే అదే వీధిలో అంగడి నడుపుకొనేవారు నాకు నయం. వీలునామా రాసేవారు డెబ్బై దాటినవారైతే, మతి స్థిమితంగా ఉందని తెలిపే డాక్టరు పత్రం కూడా అదే రోజు తేదీతో జతపరచుకోవడం మంచిది.

ప్రతులు పంపినవారిలో ముగ్గురు వైట్‌నర్ వాడారు. సంతకాలయ్యాక చేసిన దిద్దుబాటు పక్కన మీరూ సాక్షులూ మళ్లీ సంతకాలు చేయకపోతే అది చెల్లదు. దిద్దవద్దు, ఆ పేజీ తిరగరాయండి.

అభ్యాసం: సాక్షులు కాగల ఆరుగురి పేర్లు, వయసులు, తండ్రి పేర్లు, ఇంటి నంబర్లు రాయండి. లబ్ధిదారులను, వారి భార్యాభర్తలను కొట్టివేయండి. మిగిలినవారి ఇళ్లకు స్వయంగా వెళ్లి, అవసరమైతే కోర్టుకు వస్తారా అని అడగండి. తటపటాయించిన వారి పేరు కూడా తీసేయండి. ఇద్దరు మిగలకపోతే మరో ఆరుగురితో మొదలుపెట్టండి. ఆ తర్వాత వీలునామా చివరి పేజీని మాత్రం, ఎవరు ఎవరి ఎదుట సంతకం చేశారో తెలిపే వాక్యంతో సహా, చేతితో రాసి పంపండి.