చలికాలంలో చేపల ట్యాంక్: నీళ్లు ఎందుకు చల్లబడుతున్నాయి, ఏం చేయాలి

డిసెంబర్ వచ్చేసరికి ట్యాంక్ ఉన్నవాళ్లంతా అడిగేది ఒకటే, హీటర్ ఎన్ని వాట్లది కొనాలి అని. దానికన్నా ముందు కొనాల్సింది థర్మామీటర్ అండి. లోపల అద్దానికి అంటించే చిన్న గాజుదైనా చాలు. తెల్లవారుజామున 5-6 మధ్య ఒకసారి, మధ్యాహ్నం 3కి ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి చూసి ఎంతుందో రాసుకోండి, రెండ్రోజులు రాస్తే చాలు, అసలు తేడా ఎక్కడుందో సగం అక్కడే తెలిసిపోతుంది. చెయ్యి పెట్టి చూస్తే తెలీదు, చలిలో మన చేతికి 22 డిగ్రీల నీళ్లు కూడా వెచ్చగానే అనిపిస్తాయి.

ఇంకో మాట. చేపకి మనలాగా ఒంట్లో వేడి పుట్టదు, నీళ్లు ఎంతుంటే దాని ఒళ్లూ అంతే. అందుకే రోజంతా కదలకుండా 23 దగ్గర ఉన్న ట్యాంకులో గప్పీలు, మోలీలు బానే ఉంటాయి గానీ పగలు 27 రాత్రి 20 అని ఊగే ట్యాంకులో జబ్బు పడతాయి. నంబర్ కన్నా ఆ ఊగుడు ఆపడం ముఖ్యం.

చేపలు అడుగునే ఉంటున్నాయి, రెక్కలు ముడుచుకున్నాయి, మేత ముట్టట్లేదు

చలికి మొదట కనిపించేది ఇదే. పొద్దున రీడింగ్ 22 కంటే తక్కువ ఉంటే కారణం దాదాపు అదే అనుకోవచ్చు. ఎక్కువగా పెంచే గప్పీ, మోలీ, ప్లాటీ, టెట్రా, ఏంజెల్, గౌరామి, వీటన్నిటికీ 24 నుంచి 27 మధ్య పెట్టుకుంటే సరిపోతుంది, ఫైటర్‌కి 25 పైన ఉంటే మంచిది, డిస్కస్‌కి మాత్రం 28-30 కావాలి. గోల్డ్‌ఫిష్ చల్లని నీళ్ల చేప, దానికి హీటరే అక్కర్లేదు, 18-22లో హాయిగా ఉంటుంది. గోల్డ్‌ఫిష్‌నీ మోలీనీ ఒకే ట్యాంకులో వేసిన ఇళ్లు చాలా ఉన్నాయి, అక్కడ ఏ నంబర్ పెట్టినా ఒకదానికి ఇబ్బందే, వీలైతే విడదీయండి.

చేయాల్సింది: ముందు మేత తగ్గించండి, చల్లటి నీళ్లలో చేపకి అరుగుదల మందగిస్తుంది, తినకుండా మిగిలింది కుళ్లి అమ్మోనియా అవుతుంది, అది చేపకి విషం. తర్వాత నీళ్లు మెల్లగా వేడి చేయండి, గంటకి ఒక డిగ్రీ లోపే. గాబరా పడి మరిగిన నీళ్లు నేరుగా పోసేయొద్దు. పొద్దున రీడింగ్ 25 ఉండి కూడా చేప ఇలాగే ఉంటే కారణం చలి కాదు, నీళ్ల నాణ్యత చూడండి.

రాత్రికి రాత్రే నాలుగు డిగ్రీలు పడిపోతోంది

చూడాల్సింది మూత. మూత లేని ట్యాంకులో వేడి ఎక్కువగా పోయేది పైనుంచే, నీళ్లు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతాయి. లెక్క చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది, ఒక్క లీటర్ ఆవిరైపోవడానికి పట్టే వేడితో 100 లీటర్ల ట్యాంకు సుమారు 6 డిగ్రీలు చల్లబడగలదు. మన చలికాలంలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఈ ఆవిరి ఇంకా ఎక్కువ. ట్యాంకులో నీళ్ల మట్టం వారానికి రెండు మూడు వేళ్లు దిగిపోతోందంటే మీ హీటర్ కరెంటు అటే పోతోందని. ట్యాంక్ అమ్మినతని దగ్గరే సైజు చెప్పి గాజు మూత కోయించుకోండి, గాలి ఆడటానికి, పైపులు, వైర్లు పోవడానికి ఒక మూల ఖాళీ వదిలితే చాలు.

తర్వాత థర్మోకోల్. వెనక, రెండు పక్కల ఒక అంగుళం మందం షీట్లు టేపుతో అంటించండి, ముందు అద్దం ఒక్కటి వదిలేస్తే చేపలు కనిపిస్తాయి. కింద కూడా ఉంటే మంచిదే కానీ నిండు ట్యాంకు ఎత్తి పెట్టే పని పెట్టుకోవద్దు, ఈసారి ఖాళీ చేసినప్పుడు చూసుకోవచ్చు. ట్యాంకు కిటికీ పక్కనో బాల్కనీ తలుపు ఎదురుగానో ఉంటే పగలు ఎండకి ఎక్కి రాత్రి గాలికి దిగుతుంది, లోపలి గోడ వైపు జరిపితే ఆ తేడా తగ్గిపోతుంది. ట్యాంకు చిన్నదైతే ఊగుడు ఎక్కువ, 10 లీటర్ల గిన్నెలో ఫైటర్‌ని పెట్టినవాళ్లకి చలికాలమంతా ఇదే తలనొప్పి.

విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి సముద్రం పక్క ఊళ్లలో చాలా ఇళ్లకి మూత, థర్మోకోల్‌తోనే పని అయిపోతుంది. హైదరాబాద్‌లో హీటర్ కావాలి. ఆదిలాబాద్, అరకు, పాడేరు వైపు అయితే హీటరూ ఇవన్నీ కూడా కావాలి, అక్కడ ఒక్కదానితో ఆగదు.

హీటర్ లైట్ వెలుగుతోంది, నీళ్లు మాత్రం వేడెక్కట్లేదు

ఇక్కడ చాలామంది హీటర్ పాడైపోయిందని పడేస్తారు, కొంచెం ఆగండి. 100 వాట్ల హీటర్ 100 లీటర్ల నీళ్లని ఒక్క డిగ్రీ పెంచడానికి, వేడి బయటికి ఏం పోకపోయినా, గంటా పది నిమిషాలు పడుతుంది. 20 నుంచి 26కి రావాలంటే 7 గంటలు, మన ఇళ్లలో బయటికి పోయేది కలుపుకుంటే ఇంకా ఎక్కువే. సాయంత్రం పెట్టి రాత్రి భోజనానికల్లా వేడెక్కలేదంటే అది హీటర్ తప్పు కాదు.

ఒక రోజంతా ఆగాక కూడా అలాగే ఉంటే వాట్లు సరిపోవట్లేదేమో లెక్క వేయండి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. మామూలు రెండడుగుల ట్యాంకు 60, 30, 30 అంటే 54 లీటర్లు. లీటర్‌కి ఒక వాట్ చొప్పున వేసుకోండి, బాగా చలి ఊళ్లలో ఒకటిన్నర. మూడడుగుల ట్యాంకు 180 లీటర్లు ఉంటే ఒక్క 200 వాట్లది కన్నా రెండు 100 వాట్లవి రెండు చివర్లలో పెట్టడం నాకు నచ్చుతుంది, ఒకటి ఆగిపోయినా రెండోది లాక్కొస్తుంది, ఒకటి పాడై ఆగకుండా వేడి చేస్తూనే ఉన్నా అదొక్కటే ట్యాంకుని అంత తొందరగా ఉడకబెట్టలేదు.

వాట్లు సరిపోతాయి అయినా ఒక పక్క 27 ఇంకో పక్క 22 అంటే నీళ్లు తిరగట్లేదు. హీటర్ ఒక మూల నిలబెట్టి ఫిల్టర్ ఇంకో మూల పెడితే ఇలాగే అవుతుంది, హీటర్‌ని ఫిల్టర్ నీళ్లు వదిలే దారిలోకి మార్చండి, కంపెనీ అడ్డంగా పెట్టొచ్చు అని రాస్తే కిందగా అడ్డంగా పెట్టండి.

లైట్ వెలుగుతూనే హీటర్ దగ్గర నీళ్లు కూడా ఏ మాత్రం వెచ్చబడకపోతే లోపల కాయిల్ పోయి ఉంటుంది. దాన్ని విప్పి బాగుచేయించే ఆలోచన వద్దు, నీళ్లలో ఉండే కరెంటు వస్తువు, కొత్తది తీసుకోండి.

అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిచ్చిన హీటర్ విషయం కూడా ఇక్కడే చెప్పాలి. అక్కడి సరుకు 120 వోల్ట్‌లకి చేసింది, మన 230లో పెడితే రాసిన వాట్ల కన్నా మూడున్నర రెట్లు పైనే లాగుతుంది, కాయిల్ కాలుతుంది లేదా గాజు పగులుతుంది. ప్లగ్ అడాప్టర్ పిన్ను ఆకారం మాత్రమే మారుస్తుంది, వోల్టేజీని కాదు.

లైట్ అసలు వెలగట్లేదు

సాకెట్‌లో ఫోన్ చార్జర్ పెట్టి కరెంట్ వస్తోందో లేదో చూడండి. వస్తుంటే హీటర్ మీద వేడి ఎంత కావాలో పెట్టే డయల్‌ని రెండు డిగ్రీలు పైకి తిప్పండి, లైట్ వెలిగిందంటే హీటర్ బానే ఉంది, దాని డయల్ నంబర్ తప్పు చూపిస్తోంది అంతే. తక్కువ ధర వాటిలో ఒకటి రెండు డిగ్రీల తేడా మామూలే, థర్మామీటర్‌ని నమ్మండి, డయల్‌ని కాదు.

పొద్దున చూస్తే నీళ్లు 33, చేపలు పైకొచ్చి నోరు తెరుస్తున్నాయి

చలి కన్నా ఇది ప్రమాదం. వేడి సరిపోగానే హీటర్‌ని ఆపే థర్మోస్టాట్ లోపలి కాంటాక్ట్‌లు అతుక్కుపోయి హీటర్ ఆగట్లేదన్నమాట. వెంటనే ప్లగ్ తీసేయండి, చెయ్యి నీళ్లలో పెట్టేది ప్లగ్ తీశాకే. నీళ్లు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్ పట్టుకునే శక్తి తగ్గుతుంది, 20 డిగ్రీల దగ్గర లీటర్‌కి 9 మిల్లీగ్రాములు పట్టేది 30 దగ్గర ఏడున్నరకి పడిపోతుంది, అందుకే చేపలు పైకొస్తాయి. ఎయిర్ పంప్ ఫుల్‌గా పెట్టండి, మూత తీసేయండి, పైన ఫ్యాన్ తిప్పండి, మెల్లగా దిగనివ్వండి. ఐస్ ముక్కలు వేయొద్దు, ఆ షాక్‌కి పోయే చేపలు ఉంటాయి.

మళ్లీ కాకుండా ఉండాలంటే బయట పెట్టే టెంపరేచర్ కంట్రోలర్ ఒకటి కొనండి, నీళ్లలో ఉండే దాని సెన్సర్ వేడి చూసి హీటర్‌కి కరెంట్ ఆపుతుంది. కంట్రోలర్‌ని 26కి, హీటర్ సొంత డయల్‌ని 28కి పెట్టాలి, మామూలుగా కంట్రోలరే ఆపుతుంది, దాని సెన్సర్ వైర్ జారి నీళ్ల బయట పడినా హీటర్ తనంతట తాను 28 దగ్గర ఆగుతుంది. విలువైన చేపలు పెంచేవాళ్లు దీని దగ్గర డబ్బు చూసుకోవద్దని గట్టిగా చెప్తాను.

స్నానం నీళ్లు కాచే రాడ్‌ని ట్యాంకులో పెట్టేవాళ్లు కూడా ఉన్నారు, దయచేసి ఆ పని చేయొద్దు. అది 1000, 1500 వాట్లు, తనంతట తాను ఆగదు, షాక్ కొడితే చేపలతో పాటు మనిషికీ ముప్పే.

నీళ్లు మార్చాక ఒంటి మీద తెల్లచుక్కలు

పొద్దున్నే పంపు నీళ్లు పట్టి పోశారు కదా, అదే. పైన ఓవర్‌హెడ్ ట్యాంకులో రాత్రంతా చలికి ఉన్న నీళ్లవి. 26 డిగ్రీల 100 లీటర్ల ట్యాంకులో 30 లీటర్లు తీసి 16 డిగ్రీలవి పోస్తే క్షణంలో 23కి వస్తుంది. ఆ దెబ్బకి చేప ఒంట్లో తట్టుకునే శక్తి తగ్గుతుంది, ఇక్ అనే పరాన్నజీవి పట్టుకుంటుంది, ఒళ్లంతా ఉప్పు రవ్వ చల్లినట్టు చుక్కలు వస్తాయి.

చలికాలంలో నీళ్లు మధ్యాహ్నం మార్చండి, ఒకేసారి పదో పదిహేనో శాతమే, బకెట్లో వేడినీళ్లు కలిపి థర్మామీటర్ ముంచి ట్యాంకుతో సమానం అయ్యాకే పోయండి. మున్సిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ పోయే మందు వేయడం మర్చిపోవద్దు. బోరు ఉన్నవాళ్లకి ఒక సుఖం ఉంది, భూమి లోపలి నీళ్లు ఏడాదంతా ఇంచుమించు ఒకే వేడిలో ఉంటాయి కాబట్టి మోటార్ వేసి అప్పుడే పట్టినవి చలి పొద్దున కూడా గోరువెచ్చగా వస్తాయి, కాకపోతే వాటిలో ఆక్సిజన్ తక్కువ ఉండొచ్చు, బకెట్లో కాసేపు ఎయిర్ స్టోన్ (ఎయిర్ పంప్ పైపు చివర బుడగలు వదిలే రాయి) వేశాక పోయండి.

చుక్కలు వచ్చేశాక అయితే షాపులో వైట్ స్పాట్ మందు తెచ్చి సీసా మీద రాసిన మోతాదులో వేయండి, నీళ్లని రెండ్రోజుల్లో మెల్లగా 29-30కి తీసుకెళ్లండి, ఎయిర్ పంప్ పెంచండి. ఆ పరాన్నజీవి చేప ఒంటి మీద ఉన్నప్పుడు మందు దాన్ని ఏం చేయలేదు, విడిపోయి నీళ్లలో ఈదేటప్పుడే చస్తుంది, వేడి పెంచితే ఆ దశ తొందరగా వస్తుంది. అందుకే చుక్కలు పోయాయి కదా అని మందు ఆపేయొద్దు, ఇంకో వారం చూడండి. లోచ్‌లు, క్యాట్‌ఫిష్‌లు ఉంటే షాపతన్ని అడిగి మోతాదు తగ్గించండి, పొలుసు లేనివి మందుకి తట్టుకోలేవు.

కొత్త చేపలతో కూడా ఇదే జరుగుతుంది. మనకి వచ్చేవాటిలో చాలా చెన్నై కొళత్తూరు వైపు నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వస్తాయి, షాపు నుంచి బండి మీద చల్లగాలిలో తెచ్చి కవర్ విప్పి వేసేయొద్దు. కవర్ మూసే ఉంచి అరగంట ట్యాంకులో తేలనివ్వండి.

కరెంట్ పోయింది

ముందు గాలి, తర్వాతే వేడి. ఎయిర్ పంప్ నాలుగైదు వాట్లే, ఇన్వర్టర్ మీద ఎంతసేపైనా తిరుగుతుంది. హీటర్‌ని కూడా ఇన్వర్టర్ లాగుతుంది గానీ బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. ట్యాంకుకి చుట్టూ దుప్పటి కప్పండి, పైన గాలికి కొంచెం వదిలి. గంట రెండు గంటలకి పెద్ద ట్యాంకుకి ఏం కాదు. రాత్రంతా రాకపోతే స్టీల్ బాటిల్‌లో వేడినీళ్లు పోసి మూత బిగించి ట్యాంకులో వదలండి, 50 లీటర్లలో ఒక లీటర్ 70 డిగ్రీల నీళ్ల బాటిల్ వేస్తే సుమారు ఒక డిగ్రీ పెరుగుతుంది, చల్లారాక మళ్లీ నింపండి.

సంక్రాంతికి ఊరెళ్తున్నాం

సరిగ్గా చలి ఎక్కువున్నప్పుడే ఇల్లు ఖాళీ చేసి వెళ్తాం. అప్పుడు జరిగేది ఏంటంటే మూత లేక నీళ్లు ఆవిరై మట్టం హీటర్ మీద కనీసం ఇంతవరకు మునగాలి అని ఉండే గీత కంటే కిందికి దిగుతుంది, బయటపడిన గాజు భాగం కాలిపోతుంది, పనిమనిషో పక్కింటివాళ్లో వచ్చి చల్లటి నీళ్లు పోయగానే టప్పున పగులుతుంది. వెళ్లే ముందు రోజు నీళ్లు పైదాకా నింపి, మూత వేసి, హీటర్‌ని వీలైనంత కిందికి దింపండి. నాలుగైదు రోజులకి పెద్ద చేపలకి మేత లేకపోయినా ఏం కాదు, పక్కింటివాళ్లకి డబ్బా ఇచ్చి వెళ్తే ప్రేమతో ఎక్కువేస్తారు. వాళ్లని ఒక్కటే అడగండి, రోజూ పొద్దున థర్మామీటర్ ఫోటో తీసి పంపమని, 30 దాటితే హీటర్ ప్లగ్ పీకేయమని. ఏ స్విచ్ హీటర్‌దో, ఏది ఎయిర్ పంప్‌దో కాగితం మీద రాసి అంటించి వెళ్లండి.