దక్కను అధ్యయనానికి వేర్వేరు శాఖలను కలపడం ఎలా?

హైదరాబాదులో దక్కను ప్రాంత అధ్యయనానికి వేర్వేరు విశ్వవిద్యాలయ శాఖలను కలపాలనుకునేవారు చాలావరకు అవగాహన ఒప్పందంతోనే మొదలుపెడతారు. అది ఫోటోలకు పనికొస్తుంది, పనికి కాదు. ఏ శాఖా ఒంటరిగా తేల్చలేని ఒక ప్రశ్నను ముందు ఎంచుకోవాలి.

ఉదాహరణకు, 1908 సెప్టెంబరు మూసీ వరద తరువాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను నిర్మించారు. వాటి ఎగువ గ్రామాల చెరువుల ఆయకట్టు ఆపైన ఎలా మారిందన్నది అలాంటి ప్రశ్న. పాత రెవెన్యూ కాగితాలు ఉర్దూలో, అంతకు ముందువి ఫారసీలో ఉంటాయి కనుక చరిత్ర శాఖకు భాషా శాఖల సాయం తప్పదు. కట్ట, తూము, అలుగుల తీరు సివిల్ ఇంజనీర్లకు, భూమి వాలు భూగోళ శాస్త్రజ్ఞులకు తెలుస్తుంది. పంట మార్పిడి సంగతి ఊరి పెద్దలను తెలుగులో అడిగి రాసుకోగలవారు కూడా కావాలి.

తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో (స్టేట్ ఆర్కైవ్స్‌లో) మొదటి నెల పనంతా ఒకే బల్ల దగ్గర జరగాలని నా గట్టి అభిప్రాయం. ఉర్దూ రాతలో హ్రస్వాచ్చులను సాధారణంగా గుర్తించరు. పాత దస్తూరీలో ‘క’కూ ‘గ’కూ తేడా చూపే చిన్న గీత కూడా కొన్నిసార్లు ఉండదు. అందుచేత భాష వచ్చిన వ్యక్తి ఊరి పేరును రెండు మూడు విధాలుగా చదివి వినిపిస్తే, ఆ చుట్టుపక్కల ఊళ్లు ఎరిగినవారు సరైనదేదో చెప్పాలి, భూగోళ విద్యార్థి దాన్ని సర్వే పటంలో గుర్తించాలి. ఎవరి భాగం వారు ఇంటికి పట్టుకెళ్తే ఇది కుదరదు. ఆ రెవెన్యూ కాగితాల్లో వాడిన ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే, జనవరి నుంచి వచ్చే నెలలకైతే 591 కలిపితే, క్రీస్తుశకం వస్తుందని అందరికీ మొదటిరోజే చెప్పాలి. లేకపోతే పట్టికలన్నీ ఒక ఏడాది అటూ ఇటూ అవుతాయి.

మిగతాది పాలనా వ్యవహారం. 2022 నాటి యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం, తగిన అనుమతితో ఇతర శాఖ లేదా ఇతర సంస్థ అధ్యాపకులను సహ పర్యవేక్షకులుగా తీసుకోవచ్చు. ఆ అనుమతి కాగితం పరిశోధక విద్యార్థి చేరిన తొలి రోజుల్లోనే కదిలించాలి. గచ్చిబౌలిలోని విశ్వవిద్యాలయం నుంచి వచ్చేవారికి రాయదుర్గం నుంచి తార్నాకకు నేరుగా మెట్రో ఉంది, కాబట్టి దూరమన్న సాకు అంతగా చెల్లదు.

వ్యాసాల్లో పేర్ల వరుసను పని మొదలవకముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఫారసీ కాగితాలు చదివిపెట్టినవారిని కృతజ్ఞతల పేరాలోకి నెట్టేయడం మన దగ్గర మామూలే. వారు రచయితల జాబితాలో ఉండాలి. పత్రాల ఫోటోలు, చదివిన పాఠాలు, పటాలు ఒకరి కంప్యూటరులో కాక, భాగస్వామ్య శాఖలన్నిటి దగ్గరా ఒక్కో ప్రతి ఉండేలా పేర్ల వరుస తేల్చిన ఆ కాగితంలోనే రాసుకోవాలి.