పైన ఎండితే ముందు కింద చూడండి: చెట్ల పనిలో తరచూ వచ్చే సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

చెట్లెక్కి కొమ్మలు కొట్టడం నా పని, ట్రీ సర్జన్ అంటారు. పిలిచేవాళ్ళలో చాలామంది చెప్పేది ఒకటే, "పైన ఎండిపోతోందండీ, ఆ ఎండిన ముక్క కొట్టేసి వెళ్ళండి" అని. నేను మాత్రం రంపం బండిలోనే ఉంచి ముందు చెట్టు మొదట్లో కూర్చుంటా. చెట్టుకి దెబ్బ తగిలే చోటు ఒకటి, అది బయటపడే చోటు ఇంకోటి, మధ్యలో మూడేళ్ళో ఐదేళ్ళో గడిచిపోతాయి, అందుకే ఇవాళ కనిపించినదాన్ని చూసి ఇవాళే నరికేస్తే అసలు కారణం అలాగే ఉండిపోయి చెట్టు ఇంకాస్త నీరసపడుతుంది.

సమస్య: కొనలు ఎండుతున్నాయి, ఆకు సైజు తగ్గింది, గుబురు పలచబడి కొమ్మల మధ్య నుంచి ఆకాశం కనిపిస్తోంది

కారణం ఎక్కువసార్లు వేర్ల దగ్గరే దొరుకుతుంది. చెట్టు ఎంత ఎత్తుందో వేర్లు అంత లోతుకి దిగుతాయని చాలామంది అనుకుంటారు గానీ, వేర్లలో ఎక్కువ భాగం పైనున్న 60 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి, నీళ్ళు పీల్చే సన్న వేర్లయితే ఇంకా పైన, 30 సెంటీమీటర్ల లోపే. అడ్డంగా మాత్రం కొమ్మల నీడ దాటి చాలా దూరం పోతాయి. అంటే పైపు వెయ్యడానికి తవ్విన గాడి, బండ్లు నిలిపి నిలిపి గట్టిపడిన నేల, ఎత్తు పెంచడానికి పోసిన మట్టి, ఇవన్నీ నేరుగా చెట్టు నోటి మీద దెబ్బలే. వేరు తెగిన ఏడాది చెట్టు దాచుకున్న బలంతో మామూలుగానే చిగురిస్తుంది, ఆ తర్వాత మెల్లగా కొనల నుంచి వెనక్కి ఎండుకుంటూ వస్తుంది, అప్పటికి ఆ గాడి సంగతి ఎవరికీ గుర్తుండదు. నేను మాత్రం ప్రతి చోటా అడుగుతా, గత ఐదారేళ్ళలో ఇక్కడ ఏమైనా తవ్వారా అని.

ఇంకో కారణం చూస్తేనే తెలిసిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న చెట్టు మొదలు నేల దగ్గర వెడల్పుగా విచ్చుకుని వేర్లలోకి కలుస్తుంది. అలా కాకుండా కరెంటు స్తంభం పాతినట్టు మాను తిన్నగా మట్టిలోకి దిగిపోతే మొదలు పూడిపోయిందని అర్థం. ఒకసారి అలాంటి చెట్టు దగ్గర చేత్తో మట్టి తీస్తూ పోతే జానెడు లోతు దాటాక వేర్లు విచ్చుకునే చోటు తగిలింది, దాని మీద బొటనవేలంత లావు వేరొకటి మాను చుట్టూ తాడు బిగించినట్టు చుట్టుకుని ఉంది, దాని కింద బెరడు నొక్కుకుపోయి నల్లబడింది. పైన ఎండిన కొమ్మలన్నీ సరిగ్గా ఆ వైపువే.

చెయ్యాల్సింది: పూడిన మట్టిని చేత్తోనో చిన్న పనిముట్టుతోనో బెరడు గీరుకోకుండా తీసెయ్యండి. చుట్టుకున్న వేరు సన్నదైతే కత్తిరించండి, లావుదై మానులోకి దిగబడిపోతే తెలిసినవాళ్ళని పిలవండి, అది తీసేటప్పుడు మానుకే గాయమవుతుంది. తర్వాత ఎండాకు, చెక్కపొట్టు లాంటిది 5 నుంచి 10 సెంటీమీటర్ల మందాన పరవండి, మానుకి మాత్రం తగలనివ్వద్దు, కుప్పలా మాను చుట్టూ పోస్తే మళ్ళీ మొదటికే వస్తుంది. నీళ్ళు నెమ్మదిగా, లోతుగా, కొమ్మల అంచు కింద దాకా ఇవ్వండి. పచ్చి కొమ్మ ఒక్కటి కూడా కొట్టద్దు, ఉన్న ఆకే దానికి తిండి. నత్రజని ఎరువు గుప్పించద్దు, ఉన్న వేర్లు మొయ్యలేనంత ఆకు వేసి ఇంకా కుదేలవుతుంది. పూర్తిగా ఎండిన కొమ్మలు కింద మనుషులు తిరిగే చోటైతేనే తీసి, రెండు మూడేళ్ళు ఓపిక పట్టాలి.

పక్కన ఇల్లో రోడ్డో కట్టబోతుంటే ముందే ఒక లెక్క వేసుకోండి. బ్రిటన్‌లో వాడే బీఎస్ 5837 ప్రమాణం ప్రకారం మాను అడ్డుకొలతకి 12 రెట్లు దూరం చుట్టూ వదలాలి, అంటే మాను 50 సెంటీమీటర్లుంటే నలువైపులా 6 మీటర్లు. కంచె వేసేసి లోపల గునపం దింపనివ్వకపోతే నన్ను పిలిచే అవసరమే రాదు.

సమస్య: ఎప్పుడో కొమ్మ కొట్టిన చోట తొర్ర పడింది

కారణం కోతలోనే ఉంది. ఇది బాగా పట్టించుకోండి, నేను చూసే తొర్రల్లో చాలావాటికి మొదలు ఇదే. మన ఒంటి మీద గాయమైతే కొత్త కండ వచ్చి మానుతుంది, చెట్టుకి ఆ వీలు లేదు, చెడిన చెక్కని బాగుచేసుకోలేదు, దాని చుట్టూ గోడలు కట్టి మూసేస్తుంది, పైన కొత్త చెక్క కప్పుకుంటుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో చెట్లని చైన్‌సాతో నిలువునా చీల్చి లోపల కుళ్ళు ఎక్కడిదాకా పాకిందో, ఎక్కడ ఆగిందో చూసి 1977లో ఈ సంగతి వివరంగా రాశారు. కుళ్ళుని నిలువునా పాకకుండా అడ్డుకునే గోడ అన్నిటికన్నా బలహీనం, అందుకే అది పైకీ కిందికీ తొందరగా పాకుతుంది. గాయమయ్యాక పుట్టిన కొత్త చెక్కది అన్నిటికన్నా గట్టి గోడ.

కొమ్మ మానులో కలిసే చోట ఉబ్బుగా ఒక కాలర్ ఉంటుంది, కొమ్మ పైవైపు పంగలో ముడత పడిన బెరడు గీత కూడా కనిపిస్తుంది. గోడ కట్టే శక్తి ఆ కాలర్‌లోనే ఉంది. నున్నగా ఉండాలని మానుకి అంటించి కోస్తే కాలర్ పోతుంది, గాయం పెద్దదై లోపలికి కుళ్ళు దిగుతుంది. భయపడి జానెడు మోడు వదిలేస్తే ఆ మోడు చచ్చి, చుట్టూ పెరిగే చెక్క దాన్ని మూయలేక, అదే కుళ్ళుకి దారవుతుంది.

సరైన పద్ధతి మూడు కోతలు. కాలర్ నుంచి 30 సెంటీమీటర్లు బయట, కింది నుంచి పైకి కొమ్మ మందంలో నాలుగో వంతు కొయ్యండి. దానికి కాస్త అవతల పైనుంచి కోస్తే కొమ్మ విరిగి పడుతుంది, ముందు పెట్టిన కింది కోత వల్ల బెరడు మాను దాకా చీరుకుపోదు. మిగిలిన మోడుని కాలర్‌కి సరిగ్గా బయట, బెరడు గీత వదిలేసి తీసెయ్యాలి. కోత సరిగ్గా పడితే తర్వాతి ఏడాది చుట్టూ గాజులా గుండ్రంగా కొత్త చెక్క లేస్తుంది, అన్నివైపులా సమానంగా. మానుకి అంటించి కోసిన చోట పక్కలకి మాత్రమే లేచి పైనా కిందా ఖాళీ మిగులుతుంది.

పెయింటు, తారు పుయ్యద్దు, అవి కుళ్ళుని ఆపవు. అప్పటికే తొర్ర పడిపోతే సిమెంటు నింపద్దు, చెట్టు గాలికి ఊగుతుంది, సిమెంటు ఊగదు, లోపల రాసుకుని తేమ పట్టి ఇంకా పాడవుతుంది. నీళ్ళు పోవాలని బెజ్జం వెయ్యడం ఇంకా ఘోరం, చెట్టు కట్టుకున్న గోడని మనమే పగలగొట్టినట్టు. తొర్ర ఉన్నంత మాత్రాన చెట్టు పడిపోదు, చుట్టూ ఎంత గట్టి చెక్క మిగిలిందన్నదే లెక్క.

సమస్య: తల నరికాక గుత్తులు గుత్తులుగా నిట్టనిలువు చిగుర్లు

ఆకంతా ఒక్కసారి పోయేసరికి చెట్టు తిండి కోసం నిద్రపోతున్న మొగ్గలన్నీ లేపేస్తుంది. ఆ చిగుర్లు పైపై చెక్కకే అతుక్కుని ఉంటాయి, కింద నరికిన చోటేమో కుళ్ళుతూ ఉంటుంది, అవి లావయ్యాక గాలికి ఊడిపోతాయి. ఎత్తు తగ్గించి ప్రమాదం తప్పించామనుకున్నవాళ్ళకి నాలుగేళ్ళలో అంతకన్నా పెద్ద ప్రమాదం తలమీదకొస్తుంది. మళ్ళీ నరకద్దు. ప్రతి గుత్తిలో బలంగా, వాలుగా ఉన్న ఒకటి రెండు ఉంచి, మిగతావి ఒకేసారి కాకుండా మూడు నుంచి ఐదేళ్ళలో విడతలుగా తీస్తూ పోవాలి.

సమస్య: పంగ దగ్గర చీలిక, దానిలోంచి తడి

రెండు మానులు సమానంగా ఇరుకు పంగలో పెరిగితే మధ్యలో బెరడు లోపలికి మడతపడి ఇరుక్కుంటుంది, చెక్క చెక్కతో కలవదు. బయటికి గట్టిగానే కనిపిస్తుంది. చిన్న చెట్టులో కనిపెడితే ఒకదాని కొన వెనక్కి కోసి పెరుగుదల తగ్గిస్తే చాలు, రెండోది ముందుకి పోతుంది. పెద్దదైతే పైన కేబుల్ కట్టడం, కొనల బరువు తగ్గించడం చెయ్యాలి, అది అనుభవం ఉన్నవాళ్ళ పని. చీలిక కొత్తగా తెరుచుకుని లోపల చెక్క తెల్లగా కనిపిస్తుంటే ముందు కింద జనాన్ని తప్పించండి, మిగతాది తర్వాత.

సమస్య: మొదట్లో పలకల్లాంటి పుట్టగొడుగులు

ఇది చూడగానే నేను ఎక్కడం ఆపేస్తా. పుట్టగొడుగు బయటికొచ్చిందంటే లోపల చెక్కనో వేర్లనో శిలీంధ్రం చాలాకాలంగా తింటోందని. దాన్ని పీకేస్తే జబ్బు పోదు, గుర్తు పోతుంది అంతే, కాబట్టి పీకకుండా ఫోటో తీసుకోండి. చెక్క సుత్తితో మాను చుట్టూ తట్టుకుంటూ రండి, గట్టి చోట టక్‌మని, బోలు చోట డోలులా మోగుతుంది. ఎంత మిగిలిందో కచ్చితంగా తెలియాలంటే సన్న సూదితో చెక్క పట్టు కొలిచే రెసిస్టోగ్రాఫ్, శబ్ద తరంగాలతో లోపలి బొమ్మ తీసే టోమోగ్రాఫ్ ఉన్నాయి. ఆకులు పచ్చగా ఉన్నాయని మోసపోవద్దు, వేర్లు కుళ్ళిన చెట్టు నిండు ఆకుతోనే పడిపోతుంది.

సమస్య: చెట్టు ఒరిగింది

చిన్నప్పటి నుంచి వాలుగా పెరిగిన చెట్టు కొన మళ్ళీ నిటారుగా తిరిగి ఉంటుంది, దానితో భయం తక్కువ. కొన కూడా అదే వాలులో ఉండి, వాలిన వైపుకి అవతలి పక్క నేల ఉబ్బి పగుళ్ళిస్తే వేర్లు లేస్తున్నట్టే. ఆ రోజే చుట్టూ ఖాళీ చేయించాలి. పెద్ద చెట్టుని లాగి నిలబెట్టి కట్టడం కుదరదు.

సమస్య: రంపం మాట వినట్లేదు

పొట్టు చూడండి. పెచ్చులుగా వస్తే పదునుంది, పిండిలా వస్తే చైన్ మొద్దుబారింది. చాలామంది అప్పుడు రంపాన్ని బలంగా నొక్కుతారు, దానివల్ల చైన్ తిరిగే పొడుగు పలక, అదే బార్, వేడెక్కి పొగ రావడం తప్ప ఏమీ ఉండదు. ఆకురాయితో అన్ని పళ్ళకీ ఒకే కోణం, ఒకే లెక్కన రుద్దండి, పంటి ముందుండే లోతు గేజు చాలా చైన్లకి పంటి కొన కన్నా 0.65 మిల్లీమీటర్లు కింద ఉండాలి. పదునుగానే ఉండి పొగొస్తే బార్ ఆయిల్ అందట్లేదు, కొనని లేత రంగు చెక్క మీదకి చూపించి ఇంజిన్ రేజ్ చెయ్యండి, సన్నగా నూనె గీత పడాలి, పడకపోతే బార్ గాడి, నూనె రంధ్రం పొట్టుతో పూడాయి. కోత ఒక పక్కకి వంకరపోతే పళ్ళు పొడుగ్గా, పదునుగా ఉన్న వైపుకి లాగుతోందని, అన్నిటిలోకి పొట్టి పన్ను కొలతకి మిగతావి దించండి. అయినా వంకరే అంటే బార్ పట్టాలు అరిగాయి.

బార్ ఇరుక్కుపోతే పీకద్దు. ఇంజిన్ ఆపి, బరువు ఎటు లాగుతోందో చూసి కొమ్మని పైకెత్తండి, లేదా కోతలో చీల కొట్టండి. అదీ కాకపోతే ఇరుక్కున్న చోటు నుంచి కొన వైపుకి 30 సెంటీమీటర్లు అవతల చేతి రంపంతో కొయ్యండి. మళ్ళీ ఇరుక్కోకుండా ఉండాలంటే నొక్కుకునే వైపు ముందు కొంచెం, సాగే వైపు తర్వాత. ఒక చివరే ఆనుకుని గాల్లో ఉన్న కొమ్మకి నొక్కుకునేది కింద, రెండు చివర్లా ఆనుకున్నదానికి పైన.

సమస్య: తాడు మీద ముడి జారుతోంది

ఎక్కే తాడు మీద మనల్ని నిలిపి ఉంచేది చిన్న తాడుతో వేసిన ముడి. తాడు కొత్తదై నున్నగా ఉన్నా, రాపిడి వేడికి పైన కరిగి గాజులా మెరుస్తున్నా, ముడి తాడు ఎక్కే తాడంత లావున్నా పట్టదు. కొత్తదైతే ఒక చుట్టు పెంచి, నేల నుంచి మీటరు ఎత్తులో పూర్తి బరువు వేసి వేలాడి చూసుకున్నాకే పైకి. మెరిసే తాడు, వేళ్ళ మధ్య నొక్కితే లోపల ఖాళీగా తగిలే తాడు ఆ రోజే ముక్కలు చేసి పారెయ్యండి, ఉంచితే ఇంకెవరో కట్టుకుంటారు. పైన రంపం పట్టినప్పుడు తాడు ఒకటి, నడుము నుంచి మాను చుట్టూ వేసుకునే పొట్టి తాడు, లాన్యార్డ్, ఒకటి, రెండూ ఉండాలి, ఒకటి కోసుకున్నా రెండోది పట్టుకుంటుంది.

సమస్య: కొమ్మ కరెంటు తీగల్లో ఉంది

ఎక్కద్దు, పొడుగు కర్రకి బిగించిన రంపంతో కూడా ముట్టుకోవద్దు, పచ్చి చెక్కలోంచీ కరెంటు వస్తుంది. విద్యుత్ శాఖకి ఫోన్ చేసి లైన్ ఆపించి, ఆపామని వాళ్ళు వచ్చి చెప్పాకే బండిలోంచి తాడు తియ్యండి.