సీఆర్ దెబ్బతిన్నప్పుడు: సైన్యంలో అధికారి ఫిర్యాదు ఎలా రాయాలి

భారత సైన్యంలో అధికారి పనితీరుపై పైఅధికారులు రాసే కాన్ఫిడెన్షియల్ రిపోర్టు (సీఆర్) అంకెల మీద నడుస్తుంది. 9 అంటే అవుట్‌స్టాండింగ్, 8, 7 అబవ్ యావరేజ్, 6, 5 హై యావరేజ్, 4 యావరేజ్. పేరు వినడానికి బాగున్నా, పదోన్నతులు తేల్చే, పోటీ గట్టిగా ఉండే సెలక్షన్ బోర్డులో హై యావరేజ్ కూడా నష్టం చేస్తుంది. పైగా మీకు చూపేది రిపోర్టు మొదట రాసే పైఅధికారి, అంటే ఇనీషియేటింగ్ ఆఫీసర్ (ఐఓ), రాసిన భాగమే. పై ఇద్దరు రివ్యూయింగ్ అధికారులు ఏం వేశారో మామూలుగా తెలియదు. ప్రతి ఎంట్రీనీ ఉద్యోగికి తెలపాలన్న 2008 నాటి సుప్రీంకోర్టు దేవ్ దత్ తీర్పు సైనికాధికారులకు వర్తించదని ఆ తీర్పులోనే ఉంది. దాన్ని ఆధారం చేసుకోకండి.

'నేను బాగా పనిచేశాను, తక్కువ వేశారు' అన్న ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ నిలవదు. మార్కులు తిరిగి వేయడం కోర్టుల పని కాదు. నిలిచేది రిపోర్టులోని వైరుధ్యం. పెన్ పిక్చర్‌లో (మాటల్లో రాసే వర్ణనలో) పొగిడి అంకెలో కోశారా? ముందు రిపోర్టులతో పోలిస్తే కారణం లేకుండా ఒక్కసారిగా పడిందా? లోపముందని ఏడాది పొడవునా ఒక్కసారి నోటిమాటగానైనా హెచ్చరించకుండానే తక్కువ వేశారా? ఐఓ కింద కనీసం 90 రోజులు నిజంగా పనిచేశారా? ఈ చివరిది ముందు చూడండి. మూవ్‌మెంట్ ఆర్డర్లు, కోర్సు తేదీలు, సెలవు కాగితాలు, పార్ట్ టూ ఆర్డర్లు (యూనిట్ నమోదు చేసే సర్వీసు వివరాలు) పక్కపక్కన పెట్టి రోజులు లెక్కించండి. లెక్క తప్పితే రిపోర్టు సాంకేతికంగానే చెల్లదు, వాదన పెద్దగా అక్కర్లేదు.

రహస్య పత్రాల నకళ్లు జతచేయవద్దు. ఫైలు నంబరు, తేదీ రాస్తే విచారించేవారే తెప్పించుకుంటారు. నకళ్లు జతచేస్తే భద్రతా ఉల్లంఘన మీ మీదికొస్తుంది.

ఫిర్యాదులో ఏ కాలపు రిపోర్టు, ఎవరి భాగం, ఏ అంకె అన్నది విడివిడిగా రాయండి. కోరేది కూడా రెండు ముక్కల్లో ఉండాలి: ఫలానా ఎంట్రీ కొట్టివేయాలి, దాని ఫలితంగా మారిన ప్రొఫైల్‌తో సెలక్షన్ బోర్డు మళ్లీ పరిశీలించాలి. చాలామంది రెండోది మరిచిపోతారు. అంకె పోతుంది, పదోన్నతి మాత్రం రాదు.

అధికారులకు దారి ఆర్మీ యాక్ట్ 1950లోని 27వ సెక్షన్: ముందు కమాండింగ్ ఆఫీసర్‌కు దరఖాస్తు, అక్కడ న్యాయం దొరక్కపోతే సరైన మార్గంలో కేంద్ర ప్రభుత్వానికి స్టాట్యూటరీ కంప్లైంట్ (చట్టం ప్రకారం ఇచ్చే ఫిర్యాదు). జేసీవోలు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు), జవాన్లకు 26వ సెక్షన్. అక్కడ ఫిర్యాదు అందుకోవాల్సిన అధికారి మీదే ఆరోపణ ఉంటే, ఆయన పై అధికారికి ఇవ్వవచ్చు. ఎవరి ఫిర్యాదు వారే ఇవ్వాలి. నలుగురు కలిసి సంతకాలు పెడితే అది క్రమశిక్షణ సమస్య అవుతుంది. అందజేసిన తేదీతో రసీదు తప్పనిసరిగా తీసుకోండి, జవాబు రాకపోతే గడువు లెక్క ఆ తేదీ నుంచే.

తిరస్కరిస్తే, ఆ ఆర్డరు వచ్చిన 6 నెలల్లోపు సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. జవాబే రాకపోతే, ఫిర్యాదు ఇచ్చి 6 నెలలు నిండాక మరో 6 నెలల గడువు ఉంటుంది. ఆలస్యమైతే కారణాలు చూపి మన్నింపు అడగవచ్చు, కానీ 'మళ్లీ మళ్లీ వినతిపత్రాలు ఇస్తున్నాను' అన్నది సాధారణంగా కారణంగా నిలవదు. ఐఓ పగతో రాశాడని వాదించాలంటే ఆయన్ను పేరుతో ప్రతివాదిగా చేర్చాలి, ఘటనలు తేదీలతో చెప్పాలి. అంత ఆధారం లేనప్పుడు పగ మాట ఎత్తకుండా, వైరుధ్యం మీదే నిలబడండి.