చిన్న కారుకి ఇంజను మార్పించాలంటే బడ్జెట్ ఎలా వేయాలి?

విజయనగరంలో మా బంధువుల్లో ఎవరి కారు ఇంజను పోయినా ముందు ఫోను నాకే వస్తుంది. నేను మెకానిక్‌ని కాదు. నా కార్లకి రెండు, అన్నయ్య కారుకి ఒకటి, మేనల్లుడి కారుకి ఒకటి, మొత్తం నాలుగు ఇంజన్లు దగ్గరుండి మార్పించాను, అంతే. ఫోన్లో అందరూ అడిగేది ఒకటే: "ఇంజను ఎంతకి దొరుకుతుంది?" లెక్క తప్పేది అక్కడే. 28 వేలకి ఇంజను దొరికిందని సంబరపడి తెచ్చుకుని, కారు షెడ్డులో విప్పి పడి ఉండగా ఇంకో 30 వేల కోసం చేబదులుకి తిరిగినవాళ్లని చాలామందిని చూశాను.

అందుకని ముందే చెప్పేస్తున్నా. ఇంజను ధరని రెండున్నరతో గుణించండి. మీ బడ్జెట్ అది. అంత చేతిలో లేకపోతే కారుని అలాగే టార్పాలిన్ కప్పి ఉంచండి, ఇంజను మాత్రం దింపించకండి. ఒకసారి విప్పిన కారుని అమ్ముదామన్నా కొనేవాడు తుక్కు ధరే చెబుతాడు.

మార్పించాలా, వద్దా

ఇంజను బాగున్న మీలాంటి కారు ఇప్పుడు ఎంతకి పోతుందో ముగ్గుర్ని అడగండి. మొత్తం ఖర్చు అందులో సగం దాటితే మార్పించొద్దు, ఉన్నది ఉన్నట్టు అమ్మేయండి. ఆర్సీ తీసి తేదీ కూడా చూసుకోండి. సొంత కారుకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత బండి చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. పద్నాలుగో ఏడు నడుస్తున్న కారైతే ఆ రెన్యువల్ ఖర్చు కూడా ఈ లెక్కలోదే.

పాత ఇంజను ఎందుకు పోయిందో తేలకుండా కొత్తదానికి వెతకొద్దు. మా అన్నయ్య కోరాపుట్ వెళ్తూ, సాలూరు దాటాక ఘాట్‌లో టెంపరేచర్ ముల్లు పైకి పోతున్నా "పైకెళ్లాక ఆపుదాంలే" అనుకున్నాడు. ఇంజను పైభాగం, అంటే హెడ్డు, వంగిపోయింది, కింద సిలిండర్లుండే బ్లాకు కూడా పనికిరాకుండా పోయింది. ఇంజను మార్పించాం. రేడియేటర్ మార్చమంటే 3,500 దండగ అన్నాడు. నెలన్నర తిరక్కుండానే అదే ఘాట్‌లో మళ్లీ అదే ముల్లు. ఈసారి వదిన అరిచి ఆపించింది కాబట్టి ఇంజను దక్కింది. తర్వాత ఆ రేడియేటర్ కోసి చూస్తే సగం గొట్టాల్లో ఇటుకపొడి లాంటి తుప్పు గట్టిగా పట్టేసి ఉంది. అసలు ముద్దాయి అదే.

ఏ ఇంజను

మీ కారులో ఏది ఉందో అదే. అదే మోడల్, అదే ఇంధనం, అదే బీఎస్ (పొగ కాలుష్య) ప్రమాణం. దేశమంతటా బీఎస్4 2017 ఏప్రిల్ నుంచి, బీఎస్6 2020 ఏప్రిల్ నుంచి వచ్చాయి. బయటికి ఒకేలా కనిపించే ఇంజన్లకి కూడా సెన్సార్లు, వైరింగు వేరుగా ఉంటాయి. 796 సీసీ ఆల్టోలో 998 సీసీ కే10 ఇంజను పెట్టాలని సరదాపడే కుర్రాళ్లు నాకూ తెలుసు. మౌంటింగులు వెల్డింగు చేయించాలి, వైరింగు మార్చాలి, ఈసీఎం (ఇంజనుని నడిపే కంప్యూటర్) మార్చాలి, అన్నీ అయ్యాక ఆర్సీలో ఎక్కదు. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పేసింది. ఆ సరదాకి బడ్జెట్ వేయడం నా వల్ల కాదు.

బోరు కొట్టించడం, అంటే పాత ఇంజను సిలిండర్లనే కోయించి కొత్త పిస్టన్లు వేయించడం, చవక కదా అంటారు. చవకే. లేత్ పని బాగా తెలిసిన మేస్త్రి మీకు సొంత మనిషైతే చేయించుకోండి. నేనొకసారి చేయించాను. ఏడాది తిరక్కుండానే 1,000 కిలోమీటర్లకి లీటరు ఆయిల్ తాగింది. అప్పట్నుంచి నాది సెకండ్‌హ్యాండ్ ఇంజనే. అందులోనూ వెనక నుంచి గుద్దించుకున్న కారు ఇంజనే. అలాంటి కారు దెబ్బ తగిలే క్షణం దాకా రోడ్డు మీద నడుస్తూనే ఉంది కదా! "రీకండిషన్" అని రంగేసి పెట్టిన ఇంజను కన్నా మసి పట్టిన ఇంజనే నిజం చెబుతుంది.

ఇంజను చూసి కొనడం: ఇక్కడే జాగ్రత్త

మిగతా పనుల్లో పొరపాటు జరిగితే వేలల్లో పోతుంది. ఇక్కడ జరిగితే మొత్తం పోతుంది. అందుకని రెండుసార్లు చదవండి.

మనవాళ్లు ఎక్కువగా పాత ఇంజన్ల కొట్లుండే విశాఖ ఆటోనగర్‌కో విజయవాడ ఆటోనగర్‌కో వెళ్తారు. ఫోన్లో ఫొటో చూసి అడ్వాన్సు వేయొద్దు. వెళ్లే ముందు మీ మేస్త్రికి చెప్పండి, వీలైతే రోజు కూలీ ఇచ్చి వెంట తీసుకెళ్లండి. మొదటిసారి నేను చెప్పకుండా వెళ్లి తెచ్చాను. ఆయన ట్రక్కు ఆటో లోపలికి తొంగి చూసి, "కొనీసి తెచ్చీసారేటి బాబూ, నన్నొకసారి అడగొద్దేటి?" అన్నాడు. ఆ ఇంజను వారంలో వెనక్కి వెళ్లింది.

ఇంజను ఇంకా కారులోనే ఉంటే మీ అదృష్టం. పొద్దున్నే వెళ్లండి. స్టార్ట్ చేయకముందే హెడ్డు మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉందంటే మీరు రాకముందే ఒకసారి తిప్పి ఉంచారు, చల్లగా ఉన్నప్పుడు అది ఎలా స్టార్ట్ అవుతుందో మీకు తెలియకూడదని. అలాంటప్పుడు టీ తాగి, టిఫిన్ చేసి, పూర్తిగా చల్లారాక మళ్లీ రండి. నేను మూడు గంటలు కూర్చున్న రోజులున్నాయి. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోంది. ఆయిల్ మూత తీసి లోపలివైపు చూడండి. పాలెక్కువైన టీ రంగులో జిగురు కనిపిస్తే బేరం ఆపేయండి. ఇంజను నడుస్తుండగా అదే మూతని బోర్లించి రంధ్రం మీద పెట్టండి. కాస్త వణికితే పర్లేదు, ఎగిరి పడితే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగాయి.

తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్లలో పుట్టే ఒత్తిడి. గేజీ మీరే తీసుకెళ్లండి, వెయ్యి, పదిహేను వందల్లో వస్తుంది. అమ్మేవాడి గేజీని నమ్మొద్దు. ప్లగ్గులన్నీ విప్పాలి, ఇంధనం, స్పార్కు రాకుండా చేయాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని ఒక్కో సిలిండర్‌కి నాలుగైదు తిప్పులు తిప్పాలి. చిన్న పెట్రోల్ ఇంజనుకి 150 పీఎస్‌ఐ లోపు వస్తే నేను తీసుకోను. అంకె ఎంతన్నది కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. మూడు సిలిండర్లలో 170, 168, 172 వస్తే హాయిగా కొనండి. 175, 170, 130 వచ్చిందంటే ఆ మూడోది మీ జేబుకి చిల్లు. తక్కువ వచ్చినదాంట్లో ఒక చెంచా ఇంజను ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులో హెడ్డు ప్యాకింగో. హెడ్డు పనికి ఎంతవుతుందో తెలుసు కాబట్టి ఆ మేరకి బేరమాడొచ్చు. రింగులైతే మాత్రం వచ్చేయండి.

ఇంజను కింద పడి ఉంటే కష్టం. గేర్‌బాక్సు, స్టార్టర్ ఇంకా దానికే ఉంటే బ్యాటరీ తగిలించి తిప్పొచ్చు. అది కూడా లేకపోతే, ప్లగ్గులు ఉంచే, కింది పుల్లీకి పానా పెట్టి చేత్తో తిప్పండి. ప్రతి సిలిండర్ దగ్గరా చెయ్యి వెనక్కి తోసినట్టు బిగువు తెలియాలి. ఒకచోట జారిపోయినట్టుంటే వద్దు. ఈ పద్ధతిలో అంకెలు రావు కాబట్టి ధరలో మూడో వంతు తగ్గించమని అడుగుతాను. ఇవ్వకపోతే ఇంకో కొట్టు.

వరదలో మునిగిన కారు ఇంజను ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్ని కార్లు నీళ్లలో ఉన్నాయో అందరం టీవీలో చూశాం. ప్లగ్గుల గుంటల్లో తుప్పు, ఆల్టర్నేటర్ చీలికల్లో ఎండిన ఒండ్రు, వైరు కనెక్టర్లలో పచ్చటి పొడి ఉన్నాయేమో చూడండి. బయట ఎంత కడిగినా ఆ మూడు చోట్లా పోదు.

ఇక నంబరు. బ్లాకు మీద చెక్కిన ఇంజను నంబరుని గుడ్డతో తుడిచి మీ కళ్లతో చదవండి. చుట్టూ గ్రైండింగ్ గీతలున్నా, అంకెలు వంకరటింకరగా ఉన్నా అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. దొంగ బండి ఇంజను మీ కారులో ఉంటే రేపు సమాధానం చెప్పుకోవాల్సింది మీరే. అది ఏ కారులోదో ఆ కారు ఆర్సీ కాపీ, అమ్మినవాడి బిల్లు, బిల్లులో ఇంజను నంబరు ఉండాలి. డబ్బు ఫోన్‌పేలోనో బ్యాంకులోనో ఇవ్వండి. నోటుకట్టలకి సాక్ష్యం ఉండదు.

ఇంకొకటి, ఎవరూ లెక్కలో వేయనిది. "పదిహేను రోజులు గ్యారంటీ సార్" అంటారు. ఇంజను బాగోకపోతే ఇంకోటి ఇస్తారు, నిజమే. దింపి ఎక్కించిన కూలీ ఎవరిస్తారు? రానూపోనూ బండి కిరాయి ఎవరిస్తారు? పైన చెప్పిన నా మొదటి ఇంజను వెనక్కి వెళ్లినప్పుడు ఆ కొట్టువాడు మాట మీదే నిలబడ్డాడు, రెండో ఇంజను ఇచ్చాడు. నాకు మాత్రం 11 వేలు అదనంగా పడింది.

ఇంజను చుట్టూ ఉండే ఖర్చు

కిందటేడాది మేనల్లుడి ఆల్టో 800కి అయిన లెక్క నా పుస్తకంలోంచి. అమ్మితే 1,60,000 వచ్చే కారు. ఇంజను 28,000. కిరాయి 2,500. క్లచ్ సెట్టు 4,200. టైమింగ్ బెల్టు, టెన్షనర్ 1,800. ప్యాకింగులు, ఆయిల్ సీళ్లు 2,500. మౌంటింగులు 3,000. రేడియేటర్ 3,500, వాటర్ పంపు 1,500, హోసు పైపులు 1,200, థర్మోస్టాట్ 600. ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్ 2,500. ప్లగ్గులు 500. కూలీ 9,000. ఆర్టీఏ పని, తిరుగుళ్లు 2,500. మొత్తం 63,300. చేతిలో ఇంకో పది వేలు విడిగా పెట్టుకున్నాం, అందులో 6,000 ఖర్చయ్యాయి. తుప్పు పట్టిన బోల్టులు విరగడం, సైలెన్సర్ ఫ్లాంజి ఊడిపోవడం లాంటివి ముందు తెలియవు. మీ ఊళ్లో ధరలు కాస్త అటూ ఇటూ ఉంటాయి, వరస మాత్రం ఇదే.

"క్లచ్ బాగానే ఉంది కదా" అని దాటేయకండి. గేర్‌బాక్సు విడదీసే ఉంది, ఇప్పుడు ప్లేటు మార్చడానికి విడిగా కూలీ లేదు. ఆరు నెలలకి మార్చాలంటే మళ్లీ అంతా దింపాలి. వెనక ఆయిల్ సీలు కూడా అంతే. రెండు మూడు వందల రూపాయల వస్తువు, అది కారితే క్లచ్ ప్లేటు ఆయిల్లో నానుతుంది.

మీ కారు ఈసీఎం, సెన్సార్లు, ఆల్టర్నేటర్, స్టార్టర్ బాగుంటే కొత్త ఇంజనుకి అవే తగిలించమనండి. తాళంచెవికి ఇమ్మొబిలైజర్ (సొంత తాళం కాకపోతే స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఉన్న కార్లలో ఈసీఎం మారితే స్టార్ట్ కాదు. పాత ఇంజను మేస్త్రికి వదిలేయకుండా తుక్కుకి తూకం వేయించండి. కొన్ని వేలు వస్తాయి, లెక్కలో అది జమ.

కూలీ ముందే మాట్లాడుకోండి, సగం ఇచ్చి మొదలుపెట్టించండి. సంక్రాంతి ముందు, దసరా తర్వాత వచ్చే పైడితల్లమ్మ సిరిమానోత్సవం వారంలో విజయనగరంలో ఇంజను దింపించకండి. మంగళవారం సిరిమాను అయితే సోమవారం తొలేళ్ల పండగ. షెడ్డులో కుర్రాడు ఒక్కడు కూడా దొరకడు, మీ కారు పది రోజులు అలాగే ఉంటుంది.

కాగితాలు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం సొంత కారుకి ఇంజను మార్చాలంటే ముందు రిజిస్టరింగ్ అధికారి అనుమతి తీసుకోవాలి. మార్చిన 14 రోజుల్లో తెలియజేసి ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. బండి మీద ఫైనాన్స్ ఉంటే వాళ్ల రాతపూర్వక అంగీకారం కావాలి. ఆర్సీ మారాక ఇన్సూరెన్సులోనూ నంబరు మార్పించండి. ప్రమాదం జరిగిన రోజున పాలసీలో ఒక నంబరు, బ్లాకు మీద ఒక నంబరు ఉంటే క్లెయిము దగ్గర ఇబ్బంది తప్పదు.

ఇంజను ఎక్కాక మొదటి 500 కిలోమీటర్లకే ఆయిల్, ఫిల్టర్ మార్చేయండి, మళ్లీ 2,500 లోపే అవుతుంది. ఆ 500లో రోజూ పొద్దున్న ఆయిల్ పుల్ల, కూలెంట్ మట్టం చూడండి. మేస్త్రికి ఇవ్వాల్సిన మిగతా సగం కూలీలో ఒక వెయ్యి ఆ 500 అయ్యాకే ఇస్తానని మొదటి రోజే చెప్పి ఉంచండి. మా మేస్త్రి మొదట్లో మొహం మాడ్చుకున్నాడు. ఇప్పుడు ఆయనే ఫోను చేసి అడుగుతాడు, "ఎన్ని కిలోమీటర్లయ్యాయండి?" అని.