ల్యాప్‌టాప్‌తో పని చేసేవాళ్లు మెడ, నడుము నొప్పి రాకుండా ఎలా సర్దుకోవాలి?

ల్యాప్‌టాప్‌తో అసలు చిక్కేంటంటే స్క్రీనూ కీబోర్డూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. కళ్లకు సరిపోయేలా ఎత్తితే చేతులు గాల్లోకి లేస్తాయి, చేతులకు సరిపోయేలా దించితే మెడ వంగిపోతుంది. రోజంతా దాని ముందే కూర్చునేవాళ్లు ముందు విడిగా ఒక కీబోర్డు, మౌస్ కొనుక్కోండి. ఖరీదైన కుర్చీ సంగతి తర్వాత చూద్దాం.

సర్దడం కుర్చీ దగ్గర మొదలుపెట్టండి. భుజాలు వదులుగా వదిలేసి కీబోర్డు మీద చేతులు పెడితే మోచేయి సుమారు 90 డిగ్రీల్లో ఉండాలి. ఇంట్లో డైనింగ్ టేబుల్ మామూలుగా 30 అంగుళాల ఎత్తుంటుంది, దాని కుర్చీ 18 అంగుళాలే, అందుకే మనకు తెలియకుండానే భుజాలు చెవుల వైపు లేచి సాయంత్రానికి మెడ పక్కన రాయిలా బిగుసుకుపోతుంది. గట్టి దిండు వేసుకుని ఎత్తు పెంచుకోండి. అప్పుడు పాదాలు నేలకు ఆనకపోతే వంటింట్లో పీట తెచ్చి కింద పెట్టుకోండి, కాళ్లు వేలాడితే తొడల కింద ఒత్తుకుని తిమ్మిరెక్కుతాయి. నడుముకు ఆసరాగా వెనక చుట్ట చుట్టిన టవల్ పెట్టుకుంటే చాలు.

ఇప్పుడు ల్యాప్‌టాప్ కింద లావు పుస్తకాలు పేర్చండి, స్క్రీన్ పై అంచు కళ్ల ఎత్తుకు వచ్చేదాకా. చేయి చాపితే వేళ్ల కొసలు తగిలేంత దూరంలో ఉండాలి. తల బరువే దాదాపు 5 కిలోలు, ముందుకు వంగేకొద్దీ మెడ మోసే భారం పెరుగుతూ పోతుంది. ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు (పై భాగంలోంచి దూరానివి, కింది భాగంలోంచి దగ్గరివి చూసేవి) ఉన్నవాళ్లు మాత్రం ఒకటి రెండు పుస్తకాలు తీసేయండి, లేకపోతే అద్దం కింది భాగంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తాల్సి వస్తుంది.

మౌస్ కీబోర్డు పక్కనే ఉంచండి. నాకు కుడి భుజం నెలల తరబడి లాగేది, చూస్తే మధ్యలో పెద్ద నోట్‌బుక్ పెట్టి, మౌస్ దానికి అవతల ఉంచి, ప్రతిసారీ చేయి చాపుతున్నాను! కీబోర్డు వెనక ఉండే చిన్న కాళ్లు మడిచేయండి, అవి లేపితే మణికట్టు పైకి వంగుతుంది.

ఎంత బాగా సర్దుకున్నా అరగంటకోసారి లేవాల్సిందే. నీళ్లకు పెద్ద బాటిల్ బదులు చిన్న గ్లాసు పెట్టుకోండి, ఫోన్ వస్తే నిలబడి మాట్లాడండి.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి, రాత్రి మెలకువ వచ్చి చేయి విదిలించుకుంటుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోందేమో చూపించుకోవాలి, దాన్నే కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు. నొప్పి చేతిలోకో కాలిలోకో పాకుతున్నా, పట్టు తగ్గి వస్తువులు జారిపోతున్నా అంతే. బామ్ రాసుకుంటూ నెలలు నెట్టకుండా ఈ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.